ఒంటి చుక్క – ఒంగోలు కొండ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో సముద్రము దాటి వచ్చిన మిషనరీ దంపతుల కథ యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. కథ తుదివరకు విన్నచో ఆ సందేహము తనంతట తీరును. ఆ దంపతులు పరదేశీయులైనను కథ జరిగినది తెలుగునాటనే. వారి మతము వేరు. పట్టిన పనిని విడువకుండుట యన్నది మాత్రము ఏ యొక్క మతమునకును సొంతము కాదు.

కార్యము చేయువారిని భర్తృహరి మూడు తరగతులుగా విభజించెను. ఆటంకములకు జడిసి మొదలే పెట్టనివారు కడపటివారు. మొదలుపెట్టి నడుమ దిగవిడుచువారు నడిమివారు. మరల మరల దెబ్బ తగిలినను చేపట్టినదానిని వదలనివారు మేలైనవారు. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపు మూలమున ఈ నీతి బడిపిల్లలకు సైతము నోటికి వచ్చును. నోటికి వచ్చుట సులభము, చేతికి వచ్చుట కష్టము. అది చేతికి వచ్చినవారిలో జ్యూయెట్ దంపతు లొకరు.

అమెరికా బాప్తిస్టు మిషనుకు తెలుగుదేశమున బీజము వేసినవాడు శామ్యూల్ డే యను దొర. ఆయన 1836లో ఇండియాకు వచ్చి, కొంతకాలము ఇతర పట్టణములందు పనిచేసి, 1840లో నెల్లూరు చేరి యచ్చట మిషను స్థాపించెను. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా 1849లో నెల్లూరికి వచ్చి ఆ పనిలో చేరిరి. జ్యూయెట్ దొర పుట్టినది అమెరికాలో మేయిన్ రాష్ట్రమున. అది మంచు దేశము. పుష్యమాసపు దినములలో అచ్చట వాకిలి తీయవలెనన్న మొదట పారతో మంచు త్రవ్వవలసి యుండును. అట్టివారు పెన్నానది యొడ్డున ఎండలో తెలుగు అక్షరములు దిద్దుకొనుచు కాపురము పెట్టిరి.

పని సాగుచుండెను గాని పంట కనబడలేదు. ఏండ్లు గడచినవి. మిషను పుస్తకములలో ఖర్చు పద్దు పెరుగుచుండెను, జమ పద్దు మాత్రము వ్రేళ్ళమీద లెక్కింపదగినట్లే యుండెను. ఇది చూచి స్వదేశములోని మిషను పెద్దలకు విసుగు పుట్టుట సహజము. 1853లో న్యూయార్కు రాష్ట్రమునందలి ఆల్బనీ నగరమున వారి మహాసభ జరిగెను. నెల్లూరు పనిని మూసివేయుదమా యను చర్చ వచ్చెను. బర్మాలో వారి మిషను స్థానము లనేకము వర్ధిల్లుచుండగా, పటములో తెలుగుదేశమున ఒక్క నెల్లూరు మాత్రమే ఒంటి చుక్కవలె కనబడుచుండెను. మూసివేయుటకే సభ మొగ్గుచున్నట్లు తోచినపుడు కార్యదర్శులలో నొకరు లేచి, మూసివేయుదుమేని ఆ సంగతి జ్యూయెట్‌కు తెలుపుచు జాబు వ్రాయు మనిషి ఎవరని యడిగెను.

సభలో ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారు లేకపోయిరి. తీర్మానము చేయుటకు పలువురుందురు. దానిక్రింద జాబు వ్రాయుటకు ఒక చేయి కావలెను. ఆ చేయి యెవరిదియు లేవలేదు. అమెరికా జాతీయగీతములలో నొకటిని 1831లో రచించిన శామ్యూల్ స్మిత్ ఆ సభయందుండెను. ఆయన ఆ రాత్రియే ఒంటి చుక్కను గూర్చి పద్యములు వ్రాసెను. మరునాడు వానిని చదువగా సభ చలించిపోయెను. మిషను నిలిచెను. నాటినుండి దానికి ‘ఒంటి చుక్క మిషను’ అను పేరు స్థిరపడెను.

ఆ యేటి చివరనే జ్యూయెట్ దంపతులు నెల్లూరు విడిచి ఉత్తరముగా పల్లెలమీదుగా బోధించుచు ఒంగోలు చేరిరి. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. వారితో నరసు అను తెలుగు క్రైస్తవుడును, జూలియా, రూతు అను ఇరువురు స్త్రీలును ఉండిరి. అందరును కలసి ఐదుగురు. న్యూ ఇంగ్లండు ప్రాంతపు బాప్తిస్టులకు ఆ కాలమున క్రిస్మసు పండుగ నేటివలె పెద్ద పండుగ కాదు. మాసచూసెట్సు రాష్ట్రములో అది చట్టప్రకారము సెలవుదినమైనది 1856లో మాత్రమే. కావున వారికి ముఖ్యమైనది సంవత్సరాది.

1854 జనవరి 1, ఆదివారము. తెల్లవారకముందే ఆ యైదుగురును ఒంగోలు కొండ నెక్కిరి. మనకది ధనుర్మాసము. పల్లెలలో ఆడపిల్లలు వాకిళ్ళు చిమ్మి ముగ్గులు పెట్టి గొబ్బెమ్మలు నిలుపు వేళ. క్రింద ఊరు నిద్రలేచుచుండగా పైన వారు ఒక కీర్తన పాడి, వేదభాగము చదివి, ఒకరి తరువాత ఒకరు మోకరించి ప్రార్థించిరి. దొర ప్రార్థించెను, దొరసాని ప్రార్థించెను, జీతమునకు కుదిరిన తెలుగు స్త్రీలును వారితో సమానముగా ప్రార్థించిరి. ఒంగోలుకు ఒక మనిషి కావలెననియే అందరి కోరిక. సూర్యోదయమైన పిమ్మట జ్యూయెట్ దొర క్రింద నాగజెముడు పెరిగిన ఒక భూమిని వ్రేలితో చూపి, మన బంగళాకు ఆ చోటు నీకు నచ్చునా యని జూలియాను అడిగెనట. అప్పటికి చేతిలో బంగళా లేదు, దానికి ధనము లేదు, అందుండవలసిన మనిషియు లేడు. అయినను ఆ మాట దొరసానికి గాని, పై అధికారికి గాని చెప్పలేదు, జూలియాకు చెప్పెను. ఈ చిన్న సంగతి గమనింపదగినది.

ఆ ప్రార్థనకు ఫలము వెంటనే రాలేదు. 1862 నాటికి జ్యూయెట్ దొర ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలిపోయెను. అచ్చట చూడగా మిషనును మూసివేయు మాట మరల లేచియున్నది. ఎవరు సాయము చేసినను చేయకున్నను తాను తిరిగి వెళ్ళి తెలుగువారి నడుమ బ్రతికి వారి నడుమనే చనిపోయెదనని ఆయన పట్టుపట్టెను. అట్లయిన నిన్ను పూడ్చిపెట్టుటకైనను ఒకరిని వెంట పంపవలసియున్నదని కార్యదర్శి వారెన్ అనెను. ఆ విధముగా వెంట వచ్చినవాడు జాన్ క్లౌ. వారి ఓడ 1864 నవంబరు 30న బోస్టను రేవు విడిచి, మరుసటి యేడు ఏప్రిల్‌లో మదరాసు చేరెను. ఆ యేటి క్రిస్మసును సంవత్సరాదియు వారికి నడిసముద్రముననే గడచినవి. అప్పటికి జ్యూయెట్ వయస్సు 51. ఆ వయస్సున మనలో అనేకులు, ఇక పిల్లలు చూచుకొందురులే యని పీట వాల్చుకొందురు.

పూడ్చిపెట్టుటకు వచ్చిన క్లౌ 1866లో భార్యతో ఒంగోలు చేరి కాపురము పెట్టెను. నాడు కొండమీదినుండి చూపిన చోటే మిషను స్థలమైనదని ఆ మిషను చరిత్రకారులు వ్రాసియున్నారు. 1867 జనవరి 1న, అనగా కొండమీది ప్రార్థనకు సరిగా 13 యేండ్లకు, ఒంగోలు సంఘము స్థాపింపబడెను. దానిలో సభ్యులు ఎనమండుగురు. పదుమూడేండ్లకు ఎనిమిది పేర్లు! ఏ లెక్కల పుస్తకములోనైనను దీనిని నష్టమనియే వ్రాయుదురు.

పిమ్మట అసలు పరీక్ష వచ్చెను. ఒంగోలులో అగ్రవర్ణములవారు క్లౌ దొర మీద ఆదరము చూపి తమ బిడ్డలను ఆయన బడికి పంపిరి. అంతలో పల్లెలనుండి మాదిగలు వచ్చి మతములో చేరగోరిరి. వారిని చేర్చుకొందువేని మా పిల్లలు రారని పెద్దలు స్పష్టముగా చెప్పిరి. దొరయు, ఆయన భార్య హారియట్టును వేర్వేరు గదులలో బైబిలు తెరచి చూడగా, లోకము తృణీకరించినవారినే దేవుడు ఎన్నుకొనునను ఒకే ఘట్టము ఇరువురికిని కనబడెనని ఆయన చెప్పుకొనెను. వారు మాదిగలను చేర్చుకొనిరి. బడి ఖాళీయయ్యెను. దీనిని దైవసంకేతమని కొందరందురు, కాకతాళీయమని కొందరందురు. ఏదియైనను, ఊరి నూతిలో చేద వేయ నర్హత లేనివారికి గుమ్మము తెరచుటకై నిండు బడిని పోగొట్టుకొనుటకు ఒడబడిరన్నది నిజము.

1876–78 నాటి ధాత కరవును గూర్చి ముదుసలులు తమ తాతలవలన వినియుందురు. పూర్వము భూములు కొలుచు పనిలో నుండిన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైబడిన త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మమునకు వచ్చినవారిని సుమారు 15 నెలలపాటు చేర్చుకొనలేదు. గంజి కొరకు మతము మార్చెనన్న మాట రాగూడదని ఆయన భావము. కరవు పని ముగిసిన పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ మతాంతరమును గూర్చి వేర్వేరు అభిప్రాయము లుండవచ్చును. అయితే వారెందుకు వెళ్ళిరని యడుగుటకు ముందు, వారిని ఇన్ని తరములు గుమ్మము బయట నిలిపినది ఎవరని మన యూళ్ళు తమ్ము తాము అడుగుకొనవలయును. అది ఒంగోలు ప్రశ్న మాత్రమే కాదు.

ఆ 1878లోనే జ్యూయెట్ దంపతులు విశ్రాంతి కోరక, మదరాసులో క్రొత్త స్థానము తెరచిరి. దొరకు అప్పటికి 65 యేండ్లు. తెలుగు బైబిలు సవరణ పనిలోను ఆయన పాలుపంచుకొనెను. 1897లో స్వదేశమున మరణించెను. పూడ్చిపెట్టుటకు తోడుగా వచ్చిన మనిషి చేతిమీద తెలుగునాట ఒక పెద్ద సంఘము లేచుటను ఆయన కన్నులార చూచెను. ఒంగోలు కొండకు ప్రార్థన కొండ యను పేరు కలిగెను.

ఇక ఈ గ్రంథాలయమునకు దీనితో నేమి పని? దీనికిని చందాలు రాని యేడు లుండినవి. చదువరులు నలుగురైదుగురే మిగిలిన వర్షాకాలము లుండినవి. బీరువాలు పంచాయతీకి అప్పగించి తలుపు మూయుదమన్న సమావేశములును జరిగినవి. ఆ సమావేశములలో తీర్మానమునకు చేతులు లేచినవి గాని, తాళము వేయుటకు చేయి లేవలేదు. అందుచేతనే నేడు 25 యేండ్ల పండుగ. ఆల్బనీలో జాబు వ్రాయని చేతికిని, ఇచ్చట తాళము వేయని చేతికిని చుట్టరికము కలదు.

కాని తలుపు మూయకుండుట ఒక్కటియే చాలదు. తెరచిన తలుపు ఎవరి కొరకు తెరచితిమో చూచుకొనవలయును. కొండమీద జ్యూయెట్ దొర జూలియాను అడిగినట్లు, ఈ ఊరి గ్రంథాలయమునకు ఏ పుస్తకములు కావలెనో మాదిగపల్లెనుగాని, మాలపల్లెనుగాని, అక్షరములు వచ్చిన ఆడువారినిగాని ఎవరైన నడిగిరా? చందాదారుల పట్టీ ఈ సంచికలోనే అచ్చయినది. ఇంటికి పోయి అందలి పేర్లను నిదానముగా చదువుడు. ఉన్న పేర్లకంటె లేని పేర్లు ఎక్కువ చెప్పును. స్వర్ణోత్సవము నాటికి ఆ లేని పేర్లు పట్టీ కెక్కినచో, ఈ రజతోత్సవమునకు చేసిన ఖర్చు జమలో పడినట్లే.

ఎనిమిది పేర్లతో ఆరంభమైన పట్టీలు కలవు. వానిని చూచి నవ్వినవారి పేర్లు ఎచ్చటను లేవు.

స్వస్తి.