దెబ్బలు ఇంటి గుట్టు కాదు



'మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట' అని సామెత. దెబ్బ కన్నా నవ్వులపాటుకే ఆడది ఎక్కువ భయపడుతుంది. చెంప వాచినా 'తలుపు తగిలింది' అంటుంది. వీపు మీద వాతలు కొంగు కింద దాచుకుంటుంది. ఇంటి గుట్టు అంటుంది.

ఈ గుట్టు ఎన్ని ఇళ్లలో ఉంది? 2019–21లో ప్రభుత్వం ఆరోగ్య సర్వే చేయించింది. పెళ్లయిన ఆడవాళ్లను అడిగారు. భర్త చేతిలో హింస పడ్డామని దేశంలో నూటికి 29 మంది చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. తెలంగాణలో దాదాపు 37 మంది. అంటే కుళాయి దగ్గర పది మంది నిలబడితే, అందులో ముగ్గురు బాధ పడినవాళ్లే. దేశంలో ఇలాంటివాళ్లలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పుకోలేదు. సాయం అడిగినవాళ్లు 14 మందే.

గృహహింస నుంచి కాపాడే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదు అంటుంది ఈ చట్టం. బూతులు తిట్టడం, కట్నం తెమ్మని వేధించడం, కూలి డబ్బు లాక్కోవడం, ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, పడక మీద బలవంతం చెయ్యడం కూడా హింసే.

'నా ఇంట్లోంచి పో' అంటే పోవాలా? అక్కర్లేదు. కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమెను ఊరికే గెంటడానికి వీల్లేదు. కొట్టొద్దని, ఖర్చులు ఇవ్వాలని, పిల్లలు తల్లి దగ్గర ఉండాలని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. కొట్టొద్దన్న ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు.

ఎవరికి చెప్పాలి? 181కి ఫోను చెయ్యాలి. రాత్రయినా పలుకుతారు. ప్రాణం మీదికొస్తే 112. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, వకీలు సలహా ఒక్కచోటే దొరుకుతాయి. కొన్ని రోజులు తలదాచుకోవచ్చు కూడా. కోర్టుకు వెళ్లాలంటే ఆడవాళ్లకు వకీలు ఉచితం. ఆదాయం ఎంతో అడగరు. దానికి 15100. రక్షణ అధికారి ఫిర్యాదు రాసుకుంటారు. పక్కింటివాళ్లు కూడా ఆయనకు కబురు చెయ్యవచ్చు. మంచి మనసుతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

నేర్చుకున్న అక్షరం ఇక్కడే పనికొస్తుంది. ఏ తేదీన, ఎవరు, ఏం చేశారో రాసి పెట్టుకోవాలి. ఆసుపత్రి చీటీ దాచుకోవాలి. ఏ కాగితం మీదయినా చదివాకే సంతకం పెట్టాలి. నకలు అడిగి తీసుకోవాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకున్నవాళ్లే. తాగొచ్చి కొట్టే బాధ గురించి కలిసి మాట్లాడుకున్నారు. సారా కొట్టు మూయించారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. ఒక్కొక్కరూ దాచుకుంటే అది గుట్టు. పదిమంది చెప్పుకుంటే బలం.

ఈ అంకెలు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి: 181, 112, 15100. పక్కింటి అక్కకు కూడా రాసివ్వండి.