పొద్దున్నే మొరాయించే కారు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మేము మీ ముందు పెట్టదలచిన విషయం చిన్నదే గాని, దానివల్ల పోయే డబ్బు చిన్నది కాదు. మన సభ్యుల కుటుంబాల్లో టాక్సీ నడిపి ఇల్లు నెట్టుకొచ్చేవారున్నారు, అప్పుచేసి కారు కొనుక్కున్నవారున్నారు. రాత్రంతా నిలిపిన కారు పొద్దున ఒక పట్టాన స్టార్టు కాదు. అయినా గడగడ వణికి, రెండు మూడు నిమిషాలకుగాని దారికి రాదు. తెల్లవారుజామున స్టేషను కిరాయి ఒప్పుకున్న డ్రైవరుకు ఆ కాసేపట్లోనే కిరాయి పోతుంది. తీరా షెడ్డుకు తీసుకెళ్ళేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, జబ్బు కనపడదు. మెకానిక్కు అందాజుగా ప్లగ్గులు మార్చమంటాడు, తర్వాత బ్యాటరీ అంటాడు, ఆ తర్వాత పెట్రోలు పంపు అంటాడు. అతన్ని మేము తప్పుపట్టం. చూడని జబ్బుకు ఎవరు మాత్రం ఏం మందిస్తారు? అందుచేత చూడవలసింది మనమే, అదీ పొద్దున మొదటిసారి తాళం తిప్పినప్పుడే.

ముందు చెవిపెట్టి వినండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ మూలుగుతూ బరువుగా తిరుగుతోందా? చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోవడం లేదా? లేక వెంటనే అందుకుని ఆపైన వణుకుతోందా? ఈ మూడూ వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే డబ్బు దండగ.

బరువుగా తిరిగితే కరెంటు చాలడం లేదన్నమాట. బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్ళు చూడండి. ఉప్పు పూసినట్టు తెల్లగానో పచ్చగానో ఉంటే ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి గట్టిగా బిగించండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. ఇంజనుకు పోయే ఎర్త్ వైరు కూడా వదులైందేమో చూడండి, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఒక చిన్న మల్టీమీటరు ఇంట్లో ఉంటే ఎంతో మేలు. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే ఇంచుమించు సగమే. నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొడుతుంటే 9.6 కంటే బాగా కిందికి దిగిపోతే బ్యాటరీ పని అయిపోవచ్చినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు దాదాపు 14 చూపాలి. చూపకపోతే లోపం ఆల్టర్నేటరులోనో దాని బెల్టులోనో వైర్లలోనో ఉంటుంది. కొత్త బ్యాటరీ కొన్నా నాలుగు రోజులకు అదే కథ. చలికి బ్యాటరీ పోయిందని మనవాళ్ళు అంటుంటారు. నిజానికి మన ప్రాంతంలో దాన్ని లోపల తినేసేది ఎండాకాలం, బయటపడేది చలికాలం.

ఇక చురుగ్గా తిరిగినా అందుకోకపోతే పెట్రోలు సంగతి చూడాలి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కాలంలో చోక్ లాగి, యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కితే పని జరిగేది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లకు చోక్ లేదు, తొక్కినా లాభం లేదు. ట్యాంకులోని పంపు ప్రెషరుతో పెట్రోలు పంపుతుంది. బండి ఆపాక కూడా ఆ ప్రెషరు పైపులో చాలాసేపు నిలవాలి. పంపులోని వాల్వు పాడైనా, ఇంజెక్టరు కారుతున్నా అది రాత్రికి రాత్రే దిగిపోతుంది. పరీక్షకు పైసా ఖర్చు లేదు. తాళం ఆన్ దాకా తిప్పి, వెనకసీటు కింద రెండు సెకన్లపాటు జుయ్యిమనే చప్పుడు వినండి. ఆపి మళ్ళీ ఆన్ చేయండి. ఇలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే ప్రెషరు దిగిపోతోందనే అనుమానించాలి. దానితోపాటు నల్లపొగ, పెట్రోలు వాసన ఉంటే ఇంజెక్టరు మీద చూపు పెట్టండి. గ్యాసు కిట్టు పెట్టుకున్న టాక్సీ సోదరులకు ఒక మాట. మీ బండ్లలో చాలావరకు పెట్రోలుతోనే స్టార్టయి తర్వాత గ్యాసుకు మారతాయి. ట్యాంకులో అరలీటరు ఉంచి నెలలు గడిపితే ఆ పెట్రోలు సత్తువ పోతుంది, పంపు కూడా కాలిపోవచ్చు.

వెంటనే అందుకుని వణికే బండికి అరిగిన ప్లగ్గులు, బలహీనపడిన కాయిలు, థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, గాలి లీకయ్యే రబ్బరు పైపు, ఇవి మామూలు కారణాలు. మసి అయితే శుభ్రం చేస్తే పోతుంది, కొత్త పార్టు అక్కర్లేదు. ఇంజన్ వేడి చెప్పే సెన్సారు తప్పు చెప్పినా చల్లటి ఇంజనుకు కావలసినంత పెట్రోలు అందదు.

అన్నిటికన్నా భయపడవలసింది ఒకటుంది. పొద్దున ఒక నిమిషం వణుకు, సైలెన్సరు నుంచి తియ్యటి వాసనతో దట్టమైన తెల్లపొగ, ఆపైన రోజంతా బండి బ్రహ్మాండంగా నడుస్తుంది. చలిలో కాస్త ఆవిరి రావడం సహజమే, దానికి కంగారు పడొద్దు. కాని కూలెంటు డబ్బాలో మట్టం వారం వారం తగ్గుతూ, కింద ఎక్కడా చుక్క కనపడకపోతే, హెడ్ గ్యాస్కెట్ దాటి నీళ్ళు రాత్రిపూట సిలిండరులో దిగుతున్నాయేమోనని చూపించాలి. మాకు తెలిసిన ఒక టాక్సీ సోదరుడు ఈ లక్షణాలకే ప్లగ్గులు, కాయిలు, పంపు వరుసగా మార్పించాడు. డబ్బాలో మట్టం ఎవరూ చూడలేదు. సిలిండరులో నీళ్ళు ఎక్కువైతే పిస్టను పైకి వచ్చేటప్పుడు అవి నలగవు గనుక కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అప్పుడు గ్యాస్కెట్ ఖర్చు కాదు, ఇంజన్ ఖర్చు. మట్టం చూడటానికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత ముట్టుకోండి. ఈ పరీక్షలేవైనా తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడిపిస్తూ చేయవద్దు, ఆ పొగకు ప్రాణాలు పోతాయి.

షెడ్డుకు వెళ్ళేముందు రెండు పనులు చేయండి. పొద్దుటి మొదటి స్టార్టును, సైలెన్సరు పొగను ఫోనులో వీడియో తీసుకోండి. వీలైతే ముందురోజు రాత్రే బండిని షెడ్డులో వదిలిపెట్టి, తెల్లారి మొదటి సెల్ఫ్ మెకానిక్కు చేతనే కొట్టించండి.