బండికి రెండో బ్యాటరీ - ఎందుకు, ఎలా?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



అసోసియేషన్ వారు బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంటర్ చదివి ఫౌజ్‌లో చేరినవాణ్ణి, ఇంజనీరును కాను. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్‌లో నేర్పిందీ, ఆ తర్వాత వర్క్‌షాపుల్లో చేతులకు గ్రీజు పూసుకుని తెలుసుకున్నదీ చెబుతాను.

ఈమధ్య మనవాళ్లు చాలామంది జిప్సీయో, జీపో, థారో కొనుక్కుని లడఖ్, స్పితి వెళ్తున్నారు. తాము డ్యూటీ చేసిన చోటు భార్యాపిల్లలకు చూపించాలని కోరిక. చాలా మంచిది. వెంట చిన్న ఫ్రిజ్, లైట్లు, ఫోన్ చార్జర్లు ఉంటాయి. మన వయసు వాళ్లకు ఇన్సులిన్ కూడా ఉంటుంది. వాడకముందు దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పారేయాల్సిందే. ఇవన్నీ రాత్రంతా ఒకే బ్యాటరీ మీద నడిపితే, తెల్లారి తాళం తిప్పేసరికి సెల్ఫ్ టిక్కు టిక్కుమంటుంది. ఊళ్లో అయితే నలుగురు వచ్చి తోస్తారు. హాన్లే దారిలో ఎవరొస్తారు?

పైగా చలి ఉంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నాకు 18 డిగ్రీలు కిందికి దిగితే తన బలంలో సుమారు సగమే ఇస్తుంది. అదే చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ ఎక్కువ కరెంటు అడుగుతుంది. చార్జి అయిపోయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి నీళ్లలా అవుతుంది కాబట్టి ఆ చలికి గడ్డకట్టి డబ్బా పగులుతుంది. ఫుల్ చార్జి ఉన్నది మాత్రం తట్టుకుంటుంది. అందుకే సెల్ఫ్ కొట్టే బ్యాటరీని ఇంకే పనికీ ముట్టుకోకూడదు. సిగ్నల్స్ తమ్ముళ్లకు ఇది కొత్త కాదు. వైర్‌లెస్ సెట్‌కి బ్యాటరీ వేరు, బండికి వేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన స్టాలియన్‌లో రెండు బ్యాటరీలు చూశారు కదా, అవి సిరీస్‌లో కలిపినవి. 12కి 12 కలిసి 24 ఓల్టులు. జిప్సీ 12 ఓల్టుల బండి. దానికి అలా కలిపితే బల్బుల నుంచి కంప్యూటర్ దాకా అన్నీ కాలిపోతాయి. మనకు కావలసింది ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, మధ్యలో విడదీసే రిలే. ఇంజన్ నడుస్తూ ఓల్టేజి 13.3 దాటాక ఆ రిలే రెండింటినీ కలుపుతుంది. ఇంజన్ ఆపాక 12.8కి దిగితే విడదీస్తుంది. ఇక రాత్రి ఫ్రిజ్ ఎంత తాగినా రెండోదాన్నే తాగుతుంది.

ఎంత సైజు కావాలి? చిన్న ఫ్రిజ్ నడిచేటప్పుడు 4 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. సగం సేపే నడుస్తుంది కాబట్టి సగటున 2. పన్నెండు గంటలకు 24. లైట్లకు ఇంకో 4. మొత్తం 28 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గిపోతుంది. కనుక 60 ఏ.హెచ్. కావాలి. మర్నాడు అరగంట తిప్పితే అది నిండదు, కొన్ని గంటల ప్రయాణం ఉండాలి.

ఇందాక టీ దగ్గర ఒక హవల్దార్ తమ్ముడు అడిగాడు, "సాబ్, ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టొచ్చా?" అని. వద్దు తమ్ముడూ. అది కదలకుండా ఒక మూల కూర్చోవడానికి చేసింది. గతుకుల్లో యాసిడ్ ఒలుకుతుంది, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. మనుషులు కూర్చునే చోట సీల్డ్ ఏ.జి.ఎం. రకమే పెట్టండి. ఇనప క్లాంపుతో బిగించండి. బండి బోల్తా పడ్డా అది ఎగరకూడదు.

కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. వెనక పెట్టిన బ్యాటరీకి 4 మీటర్ల దూరం, 30 ఆంపియర్లు అనుకోండి. 6 చదరపు మి.మీ. రాగి తీగలో 0.35 ఓల్టు దారిలోనే పోతుంది. 16 చదరపు మి.మీ. అయితే 0.13 మాత్రమే.

అన్నిటికంటే ముఖ్యం ఫ్యూజు. ప్లస్ కేబుల్‌కి రెండు చివర్లా, ఒక్కో బ్యాటరీకి జానెడు దూరంలో ఒక్కో ఫ్యూజు ఉండాలి. 16 మి.మీ. కేబుల్‌కి 80 ఆంపియర్లది చాలు. ఒకటి చాలదా అంటారు. రెండు పక్కలా బ్యాటరీ ఉంది కాబట్టి మధ్యలో కేబుల్ తెగి బాడీకి తగిలితే రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్ బండికి ఒక షాపువాడు ఫ్యూజు లేకుండానే కేబుల్ లాగాడు. ఆరు నెలల్లో రేకు అంచుకు రాసుకుని పైతొడుగు పోయింది. కింద పరిచిన కార్పెట్ అంటుకుంది. ఆయన, వాళ్లావిడ దాబా దగ్గర దిగి ఉన్నారు కాబట్టి మనకు మిగిలారు. రెండు ఫ్యూజుల ఖరీదు ఒక పూట భోజనం ఖర్చు.

పని మొదలుపెట్టేముందు మైనస్ ముందు విప్పండి, చివర బిగించండి. రేకు దాటే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ పెట్టండి. చేతికి ఉంగరం, కడియం తీసేయండి.

ఇక కొత్త బండ్లు. 2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్.-6 బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ ఓల్టేజిని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటికి మామూలు రిలే సరిగా పనిచేయదు. డి.సి. టు డి.సి. చార్జర్ పెట్టాలి. లిథియం బ్యాటరీకీ అదే. వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట: ఇదంతా సొంత బండికే. సర్కారీ గాడీ మీద మన సొంత తెలివి చూపించకూడదు.

బిగించాక నేరుగా మనాలి బయల్దేరకండి. ఇంటి ముందే ఒక రాత్రి ఫ్రిజ్, లైట్లు వేసి ఉంచండి. తెల్లారి మీటరు పెట్టండి. మొదటి బ్యాటరీ 12.6 చూపించాలి, రెండోది 12.2కి తగ్గకూడదు. ఆ రెండు అంకెలు వస్తే ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ధైర్యంగా బయల్దేరండి. అనుమానం ఉంటే సభ అయ్యాక బయట నా బండి బానెట్ ఎత్తి చూపిస్తాను, చేత్తో పట్టుకుని చూడండి.

సెలవు. జై హింద్.