అంటిందా? అతికిందా?



నేను పనిచేసేది గ్రాఫీన్ మీద. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒకే ఒక్క పొర గ్రాఫీన్. దాని మందం ఒక్క కార్బన్ పరమాణువంత. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవోసెలోవ్‌లు మామూలు అంటుకునే టేపుతో దాన్ని విడదీశారు. 2010లో నోబెల్ అందుకున్నారు.

ఇందులో ప్రతి కార్బన్ మూడు పొరుగు కార్బన్లను పట్టుకొని ఉంటుంది. నాలుగో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరుగుతుంది కనుక కరెంటు బాగా పారుతుంది. కానీ ఇది నీళ్లలో కలవదు, పొరలు మళ్లీ ఒకదానికొకటి అంటుకొని ముద్దకడతాయి. అందుకే ఆక్సిజన్, హైడ్రోజన్, ఫ్లోరిన్ వంటివాటిని కొక్కేల్లా తగిలిస్తాం. సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్‌లతో గ్రాఫైట్‌ను ఆక్సీకరించే హమ్మర్స్ పద్ధతి 1958 నాటిది, నేటికీ వాడుకలో ఉంది. అయితే కొక్కెం పడిన చోటల్లా ఆ నాలుగో ఎలక్ట్రాన్ కట్టుబడిపోతుంది. కొక్కేలు ఎక్కువైతే కరెంటు పారదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. కొక్కెం నిజంగా పడిందని ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఆదుకునేది 1928లో రామన్ గారు కనిపెట్టిన ప్రభావం. ఆయన బడి చదువు మన విశాఖపట్నంలోనే సాగింది. లేజర్ కాంతి వేస్తే గ్రాఫీన్‌కు తరంగసంఖ్య 1580 దగ్గర ఒక శిఖరం కనబడుతుంది. అల్లిక చెదిరితే 1350 దగ్గర మరొకటి లేస్తుంది. దాన్ని చూసి సంబరపడకూడదు. కొక్కెం పడినా అది లేస్తుంది, పొరకు చిల్లు పడినా లేస్తుంది.

కాబట్టి ముందు నమూనాను బాగా కడగాలి. ఊరికే అంటుకున్నది చాలావరకు పోతుంది, అతికింది నిలుస్తుంది. తర్వాత ఎక్స్ కిరణాలతో ఎలక్ట్రాన్లను బయటికి తన్ని, వాటి బంధన శక్తి లెక్కకడతాం. కార్బన్‌ను కార్బనే పట్టుకుంటే 284.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఆక్సిజన్ పట్టుకుంటే 286 పైచిలుకు కనబడుతుంది. వేడిచేయడం ఇంకో పరీక్ష. హైడ్రోజన్ తగిలించిన గ్రాఫీన్‌ను 450 డిగ్రీల దగ్గర వేడిచేస్తే 1350 శిఖరం బాగా తగ్గిపోతుందని 2009లో చూపించారు. చిల్లయితే అంత తేలిగ్గా పూడదు.

మా ల్యాబ్‌లో చేరే కుర్రవాళ్లు ఒక్క గ్రాఫ్ తెచ్చి "అయిపోయింది సార్" అంటారు. ఆ పొడిని కొని రంగులోనో, బ్యాటరీలోనో కలిపేవాడు ఆ మాట నమ్మే డబ్బు పెడతాడు. అందుకే మూడు పరీక్షలూ ఒకే మాట చెప్పేదాకా నేను సంతకం పెట్టను.

జవాబు వచ్చాక సరిచూడమని మన లెక్కల మాస్టార్లు నేర్పారు. నా ఉద్యోగమంతా ఆ సరిచూడటమే.