రోమను వెండి నాణెములు – దైవచిహ్నములు



రజతోత్సవ సమయమున వెండిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట యుక్తము.

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లెలో నొక నిక్షేపమున 1531 రోమను వెండి నాణెములు లభించినవి. అవి అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల నాటివి. అనగా రమారమి రెండువేల యేండ్ల వెనుకటివి. ఈ నాణెమునకు దెనారియసు అని పేరు. తూకము నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ. మన మిరియములకును, సన్నని వస్త్రములకును, మణులకును వెలగా రోమను ధనము సముద్రము దాటి వచ్చినది. ఏటేట ఐదుకోట్ల సెస్టర్సులు భారతదేశమునకు తరలిపోవుచున్నవని రోమను గ్రంథకర్త ప్లినీ వాపోయెను.

దక్షిణదేశ నిక్షేపములలో రెండు రకములు మిక్కిలిగా కానవచ్చును. మొదటిదానిపై ఒకవైపు అగస్టసు శిరస్సు, మఱియొకవైపు అతడు దత్తత చేసికొనిన మనుమలు గాయసు, లూసియసు. వారి నడుమ డాళ్లు, బల్లెములు. వానిపైన రెండు పూజాపరికరములు. ఒకటి దేవతలకు ద్రాక్షారసము సమర్పించు గరిటె. మన స్రువమును తలపించును. రెండవది పక్షుల గమనమును చూచి శకునము చెప్పువారు పట్టు వంకర కఱ్ఱ. గాయసు పురోహిత సంఘమునను, లూసియసు శకునజ్ఞుల సంఘమునను సభ్యులగుటయే ఈ గుర్తులకు కారణము. రెండవ రకముపై టైబీరియసు శిరస్సు. వెనుక కొమ్మను, రాజదండమును ధరించి కూర్చున్న స్త్రీమూర్తి. చుట్టును 'ప్రధాన పురోహితుడు' అను చక్రవర్తి బిరుదు. ఆమెను శాంతిదేవత యని కొందఱు, చక్రవర్తి తల్లి లివియా యని కొందఱు తలంతురు.

నాణెమునకు దైవమును సాక్షిగా నిలుపుట మనకును క్రొత్త కాదు. కృష్ణదేవరాయల బంగారు నాణెములపై బాలకృష్ణుడున్నాడు. 'వరాహ' యను పేరే వరాహమూర్తిని స్మరింపజేయును.

అయితే ఇచ్చటి వర్తకునకు రోమను దేవతలతో పని లేదు. ఈ దేశమున దొరకిన పెక్కు నాణెములపై చక్రవర్తి ముఖమున ఉలిగాటు కనబడును. లోన వెండి యున్నదో, పైపూతయో పరీక్షించుటకని కొందఱును, పరరాజు ముద్రను చెల్లకుండ చేయుటకని కొందఱును పండితులు చెప్పుదురు. ఏదియైనను, సముద్రము దాటిన పిమ్మట ముద్రకు గౌరవము తగ్గి, తూకమే మిగిలినది.

నేడు ఆ క్రమము తలక్రిందైనది. తూకము స్వల్పము, ముద్రయే అమూల్యము. కొలిమిలో కరగించినచో చిటికెడు వెండి దక్కును. రెండువేల యేండ్ల వార్త నశించును. కావున తనకల్లు సీమలో బావి త్రవ్వునపుడో, చెఱువు పూడిక తీయునపుడో పాతనాణెములు బయటపడినచో కరగింపరాదు. పది రూపాయల విలువ మించిన నిక్షేపమును జిల్లా కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. కనుగొన్నవాని హక్కును సైతము ఆ చట్టమే చెప్పినది. నాణెములు ఏ చేనిలో, ఎంత లోతున, ఏ పాత్రలో దొరకినవో వెంటనే వ్రాసి యుంచవలెను. వానిని చదువుటకు తగిన గ్రంథములను సమకూర్చుట ఈ గ్రంథాలయమునకు మున్ముందు చేయదగిన పని.