ఇంటివారు విదేశంలో ఉంటే



అద్దె ఇంట్లో దిగేముందు మనం ఎన్నో చూసుకుంటాం. మంచినీళ్ళు ఎప్పుడొస్తాయి, వంటింట్లో గాలీ వెలుతురూ ఉన్నాయా, పిల్లల బడి ఎంత దూరం, ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళు అని నలుగురినీ అడుగుతాం. ఈ రోజుల్లో వీటితోపాటు ఇంకొకటి కూడా అడగాలి. ఇల్లు ఎవరి పేర ఉంది? ఆయన ఎక్కడ ఉంటున్నారు?

ఎందుకంటారా? హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో ఎన్నో ఫ్లాట్లు అమెరికాలోనో, గల్ఫు దేశాల్లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలవి. తాళంచెవి ఇచ్చేది వాళ్ళ నాన్నగారు. అద్దె పుచ్చుకునేది అమ్మగారు. ఆ పెద్దవాళ్ళే ఇంటివారని మనం అనుకుంటాం. ఆదాయపు పన్ను చట్టం మాత్రం ఇల్లు ఎవరిదో, ఆయన ఏ దేశంలో నివాసం ఉంటున్నాడో చూస్తుంది. అద్దె ఆయన తండ్రి చేతికిచ్చినా, ఇక్కడి బ్యాంకులో ఆయన ఖాతాలో వేసినా నియమం మారదు.

ఆ నియమం ఏమిటంటే, ఇంటి యజమాని ప్రవాసి అయితే అద్దెలోంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత అద్దెకున్నవారిది. 1961 నాటి చట్టంలో ఇది 195వ సెక్షను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గాని ఈ బాధ్యత మారలేదు.

"మా అద్దె కొంచెమే కదా, మాకెందుకు?" అనుకోకండి. యజమాని ఇక్కడే ఉంటే మనలాంటి సంసారులు నెలకు 50,000 రూపాయలు దాటిన అద్దె మీదే, అదీ 2 శాతమే, కోస్తే చాలు. యజమాని ప్రవాసి అయితే అలాంటి కనీస పరిమితి లేదు. మామూలుగా 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం కోయాలి. అద్దె నెలకు 30,000 అనుకోండి. 9,360 ప్రభుత్వానికి, 20,640 యజమానికి. ఏడాదికి పన్ను 1,12,320 రూపాయలు అవుతుంది.

ఇది కోయకుండా అద్దె మొత్తం ఇచ్చేస్తే, పన్నుల శాఖవారు ఆ సొమ్ము మనల్నే అడగవచ్చు. పైగా నెలకు 1 శాతం చొప్పున వడ్డీ. కోసి కూడా కట్టకపోతే నెలకు 1.5 శాతం. యజమాని తన రిటర్ను వేసి పన్ను కట్టి ఉంటే, ఆడిటరు సర్టిఫికెట్టు తెచ్చి చూపించి అసలు నుంచి బయటపడే దారి ఉంది గాని, వడ్డీ తప్పదు. ఇల్లు ఖాళీ చేసి వచ్చాక ఆ సర్టిఫికెట్టు కోసం దేశాంతరంలో ఉన్నాయన్ని బతిమాలుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. లక్ష రూపాయలంటే మన ఇళ్ళలో పిల్లల ఫీజులు, అత్తగారి మందులు.

ఇక చేయవలసిన పనులు చెబుతాను. అద్దె ఒప్పందం ఎవరి పేర ఉందో వారు ముందుగా టాన్ నంబరు తీసుకోవాలి. ఇది పాన్ నంబరు కాదు, వేరే. యజమాని పాన్ నంబరు కూడా అడిగి పుచ్చుకోవాలి. ప్రతి నెలా అద్దె ఇచ్చేటప్పుడే పన్ను కోసి, మరుసటి నెల 7వ తేదీలోగా కట్టాలి. మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30లోగా కట్టవచ్చు. మూడు నెలలకోసారి లెక్క దాఖలు చేయాలి. వాటి గడువులు జూలై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. గడువు దాటితే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. అది పన్ను మొత్తాన్ని మించదు. లెక్క దాఖలయ్యాక పన్ను కోత సర్టిఫికెట్టు తీసి యజమానికి ఇవ్వాలి. మొదటిసారి ఆడిటరు చేత చేయించుకుంటే మంచిది.

ఇల్లు అన్నదమ్ములిద్దరి పేర ఉండి, ఒకరు ఇక్కడ, ఒకరు విదేశంలో ఉంటే? విదేశంలో ఉన్నాయన వాటా అద్దెకే ఈ నియమం.

"ఇదేమిటమ్మా, ఇదివరకు ఉన్నవాళ్ళెవరూ ఇలా కోయలేదే!" అని ఇంటివారు నొచ్చుకోవచ్చు. వారికి నెమ్మదిగా చెప్పండి. ఆ పన్ను వారి పేరనే జమ అవుతుంది. పైన చెప్పిన ఇంటికి ఏడాది అద్దె 3,60,000. అందులో 30 శాతం చట్టమే మినహాయిస్తుంది, మిగిలేది 2,52,000. 2025–26 నుంచి కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఇక్కడ ఆయనకు వేరే ఆదాయం లేకపోతే, రిటర్ను వేసి ఆ 1,12,320 పూర్తిగా వాపసు తెచ్చుకోవచ్చు. అన్నాళ్ళు ఆగలేనంటే, తక్కువ కోతకు అనుమతిస్తూ పన్నుల శాఖ ఇచ్చే సర్టిఫికెట్టు ముందే తెచ్చుకోవచ్చు. అది చూపిస్తే అందులో రాసినంతే మనం కోస్తాం.

ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త. "పన్ను సంగతి మీరే చూసుకోండి, నా చేతికి మాత్రం 30,000 రావాలి" అంటారు కొందరు. అలా ఒప్పుకుంటే అసలు అద్దె దాదాపు 43,600 అయినట్టు. ఆ పైన పడే 13,600 మన సంసారం మీదే భారం. అంచేత ఒప్పందంలో "అద్దె 30,000, ఇందులోంచి చట్టప్రకారం పన్ను మినహాయించబడుతుంది" అని స్పష్టంగా రాయించుకోండి. యజమాని ఈ దేశ నివాసా, ప్రవాసా అన్నది కూడా అందులోనే రాయించండి. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ ఎన్ని రోజులున్నారన్నదాన్ని బట్టి ఇది తేలుతుంది. ఇక్కడివారు మధ్యలో విదేశం వెళ్ళిపోవచ్చు కూడా. కాబట్టి ఏటా ఏప్రిల్‌లో మళ్ళీ ఒకసారి అడగండి.

అడ్వాన్సు ఇచ్చాక ఈ మాట ఎత్తితే పేచీ అవుతుంది. ఇవ్వకముందే ఎత్తితే బేరంలో భాగంగా తేలిపోతుంది. ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉంటే, నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే ఇంట్లో మీవారితో మాట్లాడి, ఆడిటరును సంప్రదించండి. చలాన్లు, సర్టిఫికెట్లు, అద్దె రసీదులు ఒకే ఫైలులో పెట్టండి. ఇల్లు మారినా ఆ ఫైలును మాత్రం వెంట తీసుకువెళ్ళండి.