గిట్ట సంగతి



పెన్షను, డి.ఏ. బకాయిల ప్రసంగాల నడుమ గుర్రం గిట్ట గురించి చెబుతానంటే కొందరు మిత్రులు నవ్వారు. పశుసంవర్ధక శాఖలో పనిచేసినవాడిని, నాకు తెలిసింది అదే మరి! అనంతపురంలో జట్కాల స్థానంలోకి ఆటోలు వచ్చాయి. అయినా పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పోషించేవారు మనవైపు ఉన్నారు. గుర్రం కుంటితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వారికి మీలో ఎవరైనా ఈ నాలుగు మాటలు చేరవేస్తారని నా ఆశ.

లాడం లేనిదే గుర్రం నడవదని మనవాళ్ల నమ్మకం. ఎద్దుకు కాలికి రెండు బిళ్లలు, గుర్రానికి కాలికొక లాడం, చిన్ననాటి నుంచి చూస్తున్నదే. కాని గిట్ట వట్టి మొద్దు కాదు. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలు నేలకు ఆనినప్పుడు మడమవైపు కొద్దిగా విచ్చుకుని అదురును తట్టుకుంటుంది. మేకులతో ఇనుము బిగిస్తే ఆ కదలిక తగ్గిపోతుంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనొఫోన్, గిట్టలు గట్టిపడటానికి గుర్రాన్ని గుండ్రాళ్లు పరచిన చోట నిలపమని రాశాడు. రాప్తాడులో ఆ రాళ్లు కొనే పనిలేదు, ఎర్ర గరుసు నేల ఊరంతా ఉంది! వాన లేకపోవడం మనకు శాపమే గాని గిట్టకు పొడినేల మేలు. లద్దె, మూత్రంతో తడిసిన చోట రోజుల తరబడి కట్టేస్తేనే గిట్ట అడుగు కుళ్లి కంపు కొడుతుంది.

అలాగని అన్ని గుర్రాలకూ లాడాలు ఊడదీయమనను. తారురోడ్డు మీద రోజూ బండి లాగే జంతువుకు గిట్ట పెరిగేదానికంటే అరిగేదే ఎక్కువ, దానికి లాడం ఉండాల్సిందే. నెలలో నాలుగు పెళ్లిళ్లకు నడిచి మిగతా రోజులు నిలబడే గుర్రానికి మాత్రం ఎందుకు? రోజూ గిట్ట ఎత్తి ఇరుక్కున్న రాళ్లు, మట్టి తీయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి తెలిసినవారి చేత ఆకురాయితో అంచులు గుండ్రంగా రాయించాలి, లేకుంటే పెచ్చులూడతాయి. లాడం తీసిన కొత్తలో కొన్నాళ్లు తడబడి నడుస్తుంది. మెత్తటి దారిన నెమ్మదిగా అలవాటు చేయాలి. ముందు గోడ పూర్తిగా కొత్తది కావడానికి ఏడాది దాకా పడుతుంది.

అసలు ప్రమాదం మేతలో ఉంది. ప్రేమకొద్దీ పెళ్లివారు పెట్టే బెల్లం, యజమాని పోసే గంపెడు ధాన్యం పనిలేని గుర్రానికి గిట్ట లోపల వాపు తెస్తాయి. గిట్టలు వేడెక్కుతాయి, ముందుకాళ్లు చాపి బరువంతా వెనక్కి వేస్తుంది. చాలామంది దాన్ని మొండితనమనుకుని కొడతారు. అది నొప్పి! వెంటనే గింజలు ఆపి, గిట్టలను చల్లటి నీళ్లలో ఉంచి, ఇసుక మీద నిలిపి, పశువైద్యుణ్ణి పిలవాలి. ఆలస్యమైతే లోపలి ఎముక జరిగిపోతుంది, ఇక ఆ గుర్రం కోలుకోవడం కష్టం. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం సూది మరువకూడదు, గుర్రాలకు ఆ జబ్బు త్వరగా అంటుకుంటుంది.

గాడిదల గిట్ట కొంచెం వేరు, నిటారుగా ఉంటుంది, తడిని త్వరగా పీల్చుకుంటుంది. దాని గురించి అడగదలచినవారు భోజనాల వేళ నన్ను పట్టుకోండి. సెలవు.